రింగు వలి నడక

వేపగుంటపాలెం రైల్వేస్టేషన్లో నాగూర్ వలి చేసే ఉద్యోగం చెప్పుకోడానికి చాలా చిన్నది. గూడ్సుబండి కదిలే ముందు స్టేషన్ మాస్టరు దగ్గర ఒక రింగు తీసుకుని, ప్లాట్‌ఫారం పొడుగునా నడిచి, ఇంజను డ్రైవరు చేతిలో పెట్టి రావాలి. పాయింట్లు మార్చడం, జెండా ఊపడం, మాస్టరుగారికి టీ తేవడం కూడా అతని పనులే గాని, వాటిని అతను లెక్కలోకి తీసుకునేవాడు కాదు. నడవడమే తన ఉద్యోగం అనుకునేవాడు. ఇక ఆ నడక చూడాలి! ఊరేగింపులో పెళ్లికొడుక్కి కూడా అంత బడాయి ఉండదు.

రింగంటే బెత్తంతో చేసిన పెద్ద చక్రం. దానికో తోలుసంచి, సంచిలో బంతి లాంటి ఇనుప టోకెను. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చే ఆ లైను ఒంటి లైను. పోయే బండ్లూ వచ్చే బండ్లూ దాని మీదే తిరగాలి. టోకెను చేతికి అందితేనే డ్రైవరు అవతలి స్టేషనుకి బండి కదిలించాలి, లేకపోతే కదలకూడదు. ఈ శాస్త్రమంతా మాస్టరు చెంచయ్యగారు చూసుకునేవారు. నాగూర్ వలి చూసుకునేది, రింగు తన ఎడమ భుజం మీద అందంగా కుదిరిందా లేదా అని. గోడకున్న అరచేతంత అద్దంలో మీసం దువ్వుకుని, కళ్ల సుర్మా సరిచేసుకుని, ఛాతీ విరుచుకుని బయటికి వచ్చేవాడు. ఆ మీసానికి చేసే సేవలో పదోవంతు తనకి చేసినా తన బతుకు ఇంకోలా ఉండేదని అతని భార్య గుల్జార్ బేగం కనపడిన ప్రతివాళ్లకీ చెప్పేది.

ఇంత బడాయికీ కారణం ఒకటే. ఊళ్లో ఆడవాళ్లు అతన్ని చూసేవాళ్లు.

నిజంగానే చూసేవాళ్లు, అందులో అబద్ధం లేదు. లైను వేసిన మహానుభావులు ఎవరోగాని, ఊరిని పట్టాలకి ఇటువైపు, మిరపచేలూ పత్తిచేలూ అటువైపు వదిలేసి వెళ్లారు. రోడ్డు గేటు ఎక్కడో ఊరవతల ఉంది. దాని చుట్టూ తిరిగి వెళ్తే చేలో అడుగుపెట్టేసరికి ఎండెక్కిపోతుంది. మిరప కోతల్లో ముఠా ఆలస్యంగా వచ్చిందంటే రైతు మర్నాటికి ఇంకో ముఠాని దించుతాడు. అందుకని ప్లాట్‌ఫారం చివర పట్టాలు దాటడమే ఊరివాళ్ల దారి. ఆ దారికి అడ్డంగా సిమెంటు గూడ్సులు వచ్చి నిలబడేవి. ఎదురుబండికి దారిచ్చే దాకా అక్కడే పడి ఉండేవి. కోతలకి పోయే ఆడవాళ్లు చీరల మీద మగవాళ్ల చొక్కాలు తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టుకుని, అన్నం క్యారేజీ చేత్తో పట్టుకుని, వ్యాగన్ల కింద నుంచి దూరి అవతలికి పోయేవాళ్లు. తప్పే. చావుతో ఆటలే. చెంచయ్యగారు గదిలోంచి అరిచేవారు, వాళ్లు వినేవాళ్లు కాదు, ఆయన కూడా వినాలని అరిచేవారు కాదు.

అయితే ఆ ఆడవాళ్లు గుడ్డిగా దూరేవాళ్లు కాదు. వాళ్లకో ఆనవాలు ఉంది. రింగు స్టేషను గది గోడకి వేలాడుతున్నంత సేపూ బండి కదలదు. రింగు నాగూర్ వలి భుజమెక్కి బయటికి వచ్చిందంటే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. మరి కూత వినపడదా అంటే, డ్రైవర్లు గేటుకో కూత, గేదెకో కూత పెడుతూనే ఉంటారు, దాన్ని నమ్ముకుంటే పూట గడవదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అటువైపు నుంచి వ్యాగన్ల సందుల్లోంచి తొంగి చూసేవాళ్లు. రింగు కనపడిందా, లేదా? పొద్దునా సాయంత్రం వాళ్ల ప్రాణం ఆ బెత్తపు చక్రానికి వేలాడేది. ఈ సంగతి వేపగుంటపాలెంలో పాలుతాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. పిల్లల తర్వాత తెలియనిది ఒక్క నాగూర్ వలికే.

"సందుల్లోంచి వంగి వంగి చూస్తారే నన్ను! ఇవాళ రాఘవమ్మ ముఠా అంతా నిలబడిపోయింది తెలుసా?" అని అన్నం తింటూ పెళ్లానికి చెప్పేవాడు.

"రింగుని చూస్తారయ్యా. బండి కదిలిద్దేమోనని" అనేది గుల్జార్ బేగం.

"నీకు కుళ్లు."

"అవునవును, నిద్రపట్టక చస్తన్నా. ఇంకాస్త పప్పు వేసుకో."

ఎన్నిసార్లు చెప్పినా అతని సమాధానం అదే. తను దగ్గరికి రాగానే ముఠా మేస్త్రి రాఘవమ్మ అంతటి గయ్యాళి కూడా నోరు మూసుకుని నిలబడిపోవడం కళ్లారా చూస్తున్నాడాయె. ఆమె చెయ్యెత్తి "ఆగండే!" అంటే ముఠా మొత్తం వరసగా ఆగేది. అతను వాళ్ల ముందు కాస్త నెమ్మదించి, మీసం మీద చెయ్యి వేసి, మళ్లీ నడిచేవాడు. ఏళ్ల తరబడి ఇదే తంతు. మనిషికి ఒక వెర్రి పట్టుకుంటే ఎదురుగా ఉన్నదంతా దానికి సాక్ష్యంగానే కనపడుతుంది.

రెండువేల మూడులో అభివృద్ధి వచ్చింది. జీపులో వచ్చింది. దాంతోపాటు నెత్తిన పసుప్పచ్చ టోపీ పెట్టుకున్న ఒక సిగ్నల్ ఇంజినీరు వచ్చాడు. సిమెంటు ఎక్కువ పోవాలిట, బండ్లు పొడుగెక్కాలిట, అందుకని స్టేషన్లో బండి ఆగే పక్కలైను కూడా పొడిగిస్తారట. పట్టాల కింది పాత దిమ్మెలు పీకి కాంక్రీటు దిమ్మెలు వేశారు, కొత్త కంకర పోశారు. కడ్డీ లాగితే పైకీ కిందకీ ఊగే చెయ్యి సిగ్నళ్లు కూలగొట్టి రంగుదీపాల స్తంభాలు పాతారు. పట్టాల పక్కన చిన్న పెట్టెలు బిగించారు. బండికున్న చక్రాలన్నీ లోపలికి వెళ్లాయా, అన్నీ బయటికి వచ్చాయా అని అవే లెక్కపెట్టుకుంటాయట. ఒక్క చక్రం తేడా వచ్చినా దీపం ఎర్రగానే ఉంటుందట. ఇంజినీరు ఈ మాట చెప్పేటప్పుడు ఆ పెట్టెలు తన కన్నబిడ్డలన్నంత మురిపెంగా చెప్పాడు. చక్రాల మధ్య నుంచి ఎవరు వెళ్తున్నారో లెక్కపెట్టే పెట్టె ఏదీ అతని దగ్గర లేదు. అటువంటిది ఒకటి అవసరమని అతనికి తోచనూ లేదు.

అతను కొలవనిది లేదు. మట్టి కొలిచాడు, వంపు కొలిచాడు, వాననీళ్లు ఎటు పారతాయో కొలిచాడు. ఊరివాళ్లు పెట్టిన పండుమిరప పచ్చడి మెచ్చుకుని జాడీతో సహా జీపులో పెట్టించుకున్నాడు. ఊరినుంచి చేలకి దారి ఎటు అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడగడానికి ఊరేమైనా దాక్కుందా? రోజూ పొద్దున్నే అతని కళ్ల ముందే ఆడవాళ్లు బండ్ల కింద దూరుతుంటే, "చదువులేని జనం" అని నాలుక చప్పరించి తన కొలతల్లో పడిపోయేవాడు.

పని పూర్తయ్యే రోజుల్లో చెంచయ్యగారి గదిలో ఒక సమావేశం లాంటిది జరిగింది. ఇకమీదట టోకెన్లు ఉండవని, మాస్టరు బల్ల మీది బటన్ నొక్కితే దూరాన పచ్చదీపం వెలుగుతుందని, డ్రైవరు దాన్ని చూసుకుని వెళ్లిపోతాడని ఇంజినీరు చెప్పాడు. తలుపు దగ్గర నిలబడ్డ నాగూర్ వలి ఒక అడుగు లోపలికి వేశాడు.

"రింగు లేకపోతే ఎట్టాగండీ?" అన్నాడు.

"ఎందుకయ్యా రింగు?" అన్నాడు ఇంజినీరు, ఆసక్తిగానే.

వేపగుంటపాలెం మొత్తానికి మాట్లాడే అవకాశం వచ్చింది ఆ ఒక్క క్షణంలోనే. ఆ క్షణం దొరికినవాడు నాగూర్ వలి. భార్య చెప్పిన మాట చెవిలో ఉంది, చెప్పడానికి నోరుంది. అతను ఆలోచించి, గొంతు సవరించుకుని, "స్టేషనుకి అందమండీ" అన్నాడు.

అందరూ నవ్వారు. చెంచయ్యగారు తల వంచుకుని నవ్వారు. ఇంజినీరు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, నాగూర్ వలి భుజం తట్టాడు.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. బటన్ల బల్లకి పూలదండ వేసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. పెద్దాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషి ఇక ఇక్కడ మనిషి పొరపాటు చేసే అవకాశమే లేదని ప్రసంగించాడు. ఊరి సర్పంచి అయితే ఎక్స్‌ప్రెస్సులన్నీ రేపట్నుంచే తమ ఊళ్లో ఆగుతాయన్న ధీమాతో, ఎవరు ఎవరో చూసుకోకుండా అందరికీ శాలువాలు కప్పేశాడు. ఆగే బండ్లు కూడా ఆగకుండా పోవడానికే ఆ దీపాలని ఆ మానవుడికి ఎవరూ చెప్పలేదు. జనం లడ్డూలు తిన్నారు, చప్పట్లు కొట్టారు. రాఘవమ్మ ముఠా ఆ వేళకి చేలో ఉంది. వాళ్లని ఎవరూ పిలవలేదు, రేపట్నుంచి రింగు ఉండదని ఎవరూ వాళ్లకి చెప్పనూ లేదు.

రింగుకి కూడా దండ వేసి ఫొటో తీశారు. మోసినవాడు కదా అని నాగూర్ వలి పక్కన నిలబడబోతే, ఫొటోగ్రాఫరు కాస్త జరగమన్నాడు. పెద్దమనిషి దాన్ని తన ఆఫీసు గోడకి అలంకారంగా పెట్టుకుంటానని జీపులో వేయించుకుని వెళ్లిపోయాడు.

నాగూర్ వలి ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున డ్యూటీకి వచ్చి, మీసం కూడా దువ్వుకోకుండా, ప్లాట్‌ఫారం మధ్యలో ఉన్న సిమెంటు బెంచీ మీద కూలబడ్డాడు. కొత్త పక్కలైను మీద కొత్త పొడుగు గూడ్సు నిలబడి ఉంది. ఇంజను ఎక్కడో చింతతోపు మలుపులో కనపడకుండా ఉంది, తోక అవతలి మోరీ దాటి ఉంది. దాని చివర నుంచి చుట్టి వెళ్దామన్నా కుదరదు. అతను దాని వంక చూడనైనా లేదు. కాలు మీద కాలు వేసుకుని, మొహం గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ప్రపంచం తనకి చేసిన అన్యాయం తప్ప ఇంకేమీ అతని బుర్రలో లేదు.

రాఘవమ్మ ముఠా వచ్చింది. రాఘవమ్మ చెయ్యెత్తి ముఠాని ఆపి, ఎప్పటిలాగే స్టేషను వైపు చూసింది. రింగుమనిషి బెంచీ మీద తీరుబడిగా కూర్చుని ఉన్నాడు. భుజం ఖాళీగా ఉంది.

"కదలదులే. పదండే" అంది.

ఒక్కొక్కళ్లే దూరారు. చిన్నవాళ్లని ముందు పంపి మేస్త్రి చివర దూరడం ఆమె పద్ధతి. గదిలో చెంచయ్యగారు బటన్ నొక్కారు. మలుపు అవతల పచ్చదీపం వెలిగింది. ఎక్కడో కూత వినపడింది. ఎప్పుడూ వినపడే కూతే. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుంజుకుంటుంటే గడగడమనే చప్పుడు తోక దాకా పాకింది. ఆ చప్పుడు మధ్యలో ఆడవాళ్ల కేకలు లేచాయి. నాగూర్ వలి మొహం ఇటు తిప్పేసరికి రాఘవమ్మ అవతలి వైపు కంకర మీద పడి ఉంది. ఆమె కుడికాలు మోకాలి కింద నుంచి పట్టాలకి ఇవతలే ఉండిపోయింది.

విచారణ జరిగింది. దీపాలు సరిగ్గా వెలిగాయి, పెట్టెలు చక్రాలు సరిగ్గా లెక్కపెట్టాయి, డ్రైవరు కూత సరిగ్గా వేశాడు. ఆగివున్న బండి కింద దూరడం నేరం, కాబట్టి కారకురాలు ఆమే. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, అదే ఒళ్లు మండే సంగతి. యంత్రం తప్పు లేదని తేలగానే వచ్చిన పెద్దలందరి మొహాలూ విచ్చుకున్నాయి. మధ్యాహ్నం భోజనంలో నాటుకోడి బాగుందని కూడా చెప్పుకున్నారు.

నాగూర్ వలి బత్తాయిలు కొనుక్కుని గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాడు. మీసం దువ్వుకునే వెళ్లాడు. రాఘవమ్మ మంచం మీద గోడకి ఆనుకుని ఉంది. మనిషి సగమైంది, నోరు మాత్రం అలాగే ఉంది.

"అక్కా, ఎంత పని జరిగిందక్కా" అన్నాడు.

"ఏరా నాగూరూ, రింగేది?" అందామె.

"తీసుకుపోయారక్కా. నా గుండెకాయ తీసుకుపోయినట్టుంది. ఇక ఎప్పటికీ రింగు లేదంట."

"ముందు రోజు నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే బెంచీ మీద కూర్చున్నావా?"

అతనికి అర్థం కాలేదు. "ఏం చెయ్యనక్కా, మనసు బాగలేక కూర్చున్నా" అన్నాడు.

"నీ మనసు బాగలేదు. నేనేమో నువ్వు కూర్చున్నావు గదా, రింగు బయటికి రాలేదు గదా, బండి కదలదనుకున్నా. పిల్లలందర్నీ దూరమన్నా. ఇన్నేళ్లూ దాన్ని చూసుకునే దూరాంరా."

"దాన్నా?" అన్నాడు నాగూర్ వలి. అప్పటికి కూడా ఆ వెర్రి వదల్లేదు చూడండి. "నన్ను చూసి ఆగేవాళ్లు గదక్కా మీరు."

అంత నొప్పిలోనూ రాఘవమ్మకి నవ్వొచ్చింది.

"నిన్నెవత్తి చూసిందిరా? నీకు మీసం ఉందని కూడా ఇవాళే చూస్తన్నా. ఆ చక్రం గాడిద మెడలో వేసినా ఆగేవాళ్లం."

అతను బత్తాయిలు మంచం కింద పెట్టి బయటికి వచ్చాడు. సత్తెనపల్లి దాకా బస్సులో నిలబడే వచ్చాడు, సీటు ఖాళీ అయినా కూర్చోలేదు. ఇంటికి వచ్చి ఆమె అన్న మాటలు అన్నవి అన్నట్టే గుల్జార్ బేగానికి చెప్పాడు. నేను చెప్పలేదూ అనడానికి ఆమెకి అంతకన్నా మంచి సమయం దొరకదు. ఆమె అనలేదు. అన్నం పెట్టి, పక్కన కూర్చుంది. సిగ్గు, ఏడుపు కలిసి వచ్చి అతను కంచంలో చెయ్యి పెట్టలేకపోయాడు.

మర్నాడు సైకిల్ షాపు రంజాన్ దగ్గర పనికిరాని రిమ్ము ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. తిన్నగా చెంచయ్యగారి గదిలోకి వెళ్లి, "బటన్ నొక్కే ముందు నాకో మాట చెప్పండి సార్, చాలు" అన్నాడు.

"రూల్సులో లేదయ్యా. నా ఉద్యోగం పోతుంది" అన్నారు చెంచయ్యగారు. ఆయన జీవితమంతా ఉద్యోగం పోతుందని భయపడటంలోనే గడిచింది, పోయేంత పని మాత్రం ఏనాడూ చెయ్యలేదు. కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "నేను నీకేమీ చెప్పను. కాకపోతే బటన్ నొక్కే ముందు కిటికీ తెరుచుకుంటాను, గాలి కోసం. కళ్లజోడు తుడుచుకుంటాను. దానికి కొంచెం టైము పడుతుంది."

అప్పట్నుంచి కిటికీ రెక్క చప్పుడైతే నాగూర్ వలి లేచేవాడు. ఇనప రిమ్ము భుజానికి తగిలించుకుని, ప్లాట్‌ఫారం దిగి, కంకర మీద పడుతూ లేస్తూ, మలుపు అవతల ఇంజను దాకా నడిచేవాడు. డ్రైవరుకి ఇవ్వడానికి ఏమీ లేదు. పాత డ్రైవర్లు అలవాటు కొద్దీ చెయ్యి చాచి, ఖాళీ రిమ్ము చూసి తిట్టేవాళ్లు. కొత్తవాళ్లు పిచ్చివాడనుకుని బిస్కెట్లు విసిరేవాళ్లు. ఊళ్లో కుర్రకారు రిమ్ము వలి అని పేరు పెట్టారు. ఇంజను దగ్గర వెనక్కి తిరిగి మళ్లీ అంత దూరమూ వచ్చేవాడు. ఎండకి మొహం కమిలిపోయింది. సుర్మా మానేశాడు. గది గోడకున్న అద్దం పగిలితే కొత్తది పెట్టలేదు.

మరుసటి కోతల కాలంలో తనిఖీకని ఆ పసుప్పచ్చ టోపీ ఇంజినీరే మళ్లీ వచ్చాడు. భుజాన సైకిల్ రిమ్ముతో పోతున్న మనిషిని చూసి జీపు ఆపించాడు.

"ఏమిటయ్యా ఈ వేషం?"

కిటికీ దగ్గర చెంచయ్యగారి మొహంలో రక్తపు చుక్క లేదు. నాగూర్ వలి ఆగి, "ఆడవాళ్లు చూసుకుంటారండీ, బండి కింద..." అని మొదలుపెట్టాడు.

ఇంజినీరు మిగతా సగం వినలేదు. ఆడవాళ్లు అన్న మాట దగ్గరే నవ్వు మొదలెట్టాడు. పక్కనున్నవాళ్లకి ఇతనే ఆ అందగాడని చెప్పి, వాళ్లని కూడా నవ్వించాడు. మనం ఎంత టెక్నాలజీ తెచ్చినా ఈ జనం పాత వాసనలు వదలరని, మార్పంటే వీళ్లకి భయమని నిట్టూర్చాడు. కొత్త జాడీలో పచ్చడి ఉందా అని అడిగాడు. ఏడాది కిందటైతే ఆ నవ్వుకి నాగూర్ వలి చచ్చిపోయి ఉండేవాడు. ఇప్పుడు బండి కదలబోతోంది. "వస్తానండీ" అని ముందుకి నడిచాడు.

రాఘవమ్మ చంకకర్రతో తిరిగొచ్చింది. చేలోకి పోలేదు గాని ముఠాని వదల్లేదు. ప్లాట్‌ఫారం చివర గోనెపట్టా పరుచుకుని కూర్చుని, పొద్దునా సాయంత్రం తన ఆడవాళ్లని అటు దాటించేది, ఇటు దాటించేది. రిమ్ము కనపడగానే కర్ర అడ్డం పెట్టి "ఆగండే!" అని అరిచేది. అవతలివాళ్లు అవతల, ఇవతలివాళ్లు ఇవతల ఆగిపోయేవాళ్లు. అందరి చూపూ అతని భుజం మీద ఉండేది. వాళ్లలో ఒక్కరైనా తన మొహం చూడరని నాగూర్ వలికి తెలుసు. తల వంచుకుని నడిచిపోయేవాడు.

ఒక సాయంత్రం అతను అలా ఆమె ముందు నుంచి పోతుంటే రాఘవమ్మ పిలిచింది.

"ఒరే నాగూరూ."

అతను తలెత్తాడు. ఆమె చూస్తున్నది రిమ్ముని కాదు.

"మీసం నెరిసిందిరా" అంది.

ఆగడానికి వీల్లేదు. ఇంజను ఇంకా చాలా దూరంలో ఉంది. రిమ్ము భుజం మీదికి ఎగదోసుకుని నడిచాడు.